కొసరు లేని బేరాలు

కృత్తిక కార్తె వచ్చిందంటే మా వీధిలో పలకరింపులు మారిపోతాయి. ఎదురుపడ్డవాళ్లు ఆరోగ్యం అడగరు, పిల్లల చదువులు అడగరు. "కాయ ఎంతకి తెచ్చారు?" అంటారు. ఏ కాయో చెప్పక్కర్లేదు. మే రెండో వారం నుంచి రోహిణీ కార్తె వెళ్లేదాకా కాయంటే మామిడికాయే.

అయితే ఆ "ఎంత"కి జవాబు ఊరిని బట్టి ఉంటుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల వైపు ఇప్పటికీ చాలాచోట్ల కాయల్ని లెక్కపెట్టి అమ్ముతారు. పాతిక ఇంత, వంద ఇంత. హైదరాబాదు రైతు బజార్లలో కాటా మీద పెడతారు. ఏదైతే ఏముందిలే అనుకుంటాం గానీ చాలా తేడా ఉంది. లెక్కకి అమ్మేచోట చెయ్యి దానంతటదే పెద్ద కాయ మీదికి పోతుంది. తూకానికి అమ్మేచోట పెద్ద కాయ ఏరుకుంటే ఒరిగేదేమీ లేదు. లోపలి జీడిక్కూడా మనమే డబ్బు కడుతున్నాం కాబట్టి కండ మందంగా ఉన్న కాయ వెతుక్కోవాలి. మా పక్కింటి పెద్దావిడకి ఈ రెండు పద్ధతుల మీదా నమ్మకం లేదు. ముందు ఒక కాయ కొట్టించాలి, టెంక ముదిరిందో లేదో చూడాలి, ముక్క నోట్లో వేసుకుని పులుపు తేల్చుకోవాలి. బేరం ఆ తర్వాతే. అమ్మేవాడికి ఆవిడ ఏటేటా తెలిసిన మనిషే కాబట్టి మారుమాట్లాడకుండా కాయ తీసి ఇస్తాడు.

చిన్నరసాలు మంచివా, కొత్తపల్లి కొబ్బరి మంచిదా, జలాలా అన్న తగువులోకి నేను దిగను. అది ఇళ్లమధ్య తేలేది కాదు. కాయ కొన్నచోటే ముక్కలు కొట్టిచ్చేవాళ్లు పెద్ద పెద్ద కత్తిపీటలు వేసుకుని కూర్చుంటారు. వాళ్ల పనితనం చూడ్డానికే ఒక పూట వెళ్లి నిలబడొచ్చు. ఒక్క వేటుకి టెంకతో సహా రెండు చెక్కలు, మరి రెండు వేట్లకి ముక్కలు. వేలు తెగదు, కాయ నలగదు. వాళ్ల కూలి కాయకి ఇంతనో కిలోకి ఇంతనో ఉంటుంది. దాని దగ్గర బేరమాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో మనం ఆ పని చేస్తే కాయల ఖర్చు కంటే కట్ల ఖర్చు ఎక్కువవుతుంది.

అసలు ఆవకాయలో ఖర్చు కాయది కాదు, నూనెది. పాతిక కాయలకి సుమారుగా కిలో కారం, కిలో ఆవపిండి, ముప్పావు కిలో ఉప్పు, రెండు కిలోల పైచిలుకు నూనె పడతాయి. పాతకాలపు ఇళ్లలో ఈ లెక్క మానికల్లో చెప్పేవారు. నాలుగు మానికల ముక్కలకి మానిక కారం, మానిక ఆవపిండి, మానికకి కాస్త వెలితిగా ఉప్పు. 1956 చట్టంతో కిలోలూ లీటర్లూ వచ్చాక మానికలు, తవ్వలు, సోలలు, గిద్దలు మెల్లగా బజారు వదిలి వెళ్లాయి. వంటింట్లో మాత్రం కొందరి దగ్గర ఇంకా మిగిలాయి. గిన్నె కొలతకి ఒక సుఖం ఉంది. ప్యాకెట్ మీద ఏం రాసినా సరే, గిన్నె నిండితేనే నిండినట్టు.

ఆ ప్యాకెట్ సంగతికే వస్తున్నాను. నూనె అనగానే మనకి లీటరు గుర్తొస్తుంది. లీటరు వంటనూనె బరువు దాదాపు 910 గ్రాములు. కొట్లో అలమరా ముందు నిలబడి ఒకసారి చూడండి. పక్కపక్కన అయిదారు రకాల ప్యాకెట్లు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే ఒడ్డూపొడుగూ. ఒకదాని మీద 910 గ్రాములు, ఇంకోదాని మీద 850, మరోదాని మీద 840, ఒకటి 750. అన్నిటినీ మనం "లీటరు ప్యాకెట్" అనే అడుగుతాం, కొట్టువాడూ అలాగే ఇస్తాడు. మాట వరసకి 840 గ్రాముల ప్యాకెట్ 140 రూపాయలు, 910 గ్రాములది 150 అనుకోండి. చెయ్యి 140 దాని మీదికి వెళుతుంది. లెక్క వేస్తే నూరు గ్రాములకి మొదటిది 16 రూపాయల 67 పైసలు, రెండోది 16 రూపాయల 48 పైసలు. చవకనుకున్నదే ఖరీదు. పది రూపాయలు మిగిలిందనుకుని ఇంటికొచ్చాక నూనె నాలుగు రోజులు ముందే అయిపోతే, "ఈ మధ్య నూనె ఎక్కువ పోసేస్తున్నావు" అని కోడలి మీద పడతారు.

ఇందులో దొంగతనమేమీ లేదు, అదే గమ్మత్తు. ఫలానా సరుకు ఫలానా సైజుల్లోనే అమ్మాలన్న పాత నిబంధన తీసేశారు. దానికి బదులు గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీదే అచ్చు వేయాలన్నారు. ఎంఆర్‌పీ పక్కనే, అంతకంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూడవలసింది దాన్నే. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అన్న మన నమ్మకం కూడా అక్కడ చాలాసార్లు బోర్లా పడుతుంది. షాంపూ కొనేటప్పుడు సాషేల దండకీ సీసాకీ ఈ లెక్క వేసి చూడండి. చాలా రకాల్లో దండే గెలుస్తుంది.

నూనె ధర ఢిల్లీలో ఎలా కదులుతుందో కూడా చెప్పుకోవాలి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచి వచ్చేదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి, సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్‌ల వైపు నుంచి. 2024 సెప్టెంబరులో ముడినూనెల మీద దిగుమతి సుంకం అన్నీ కలుపుకుని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. దసరాకి ముందే కొట్టులో ఆ సెగ తగిలింది. 2025 మే చివర దాన్ని 16.5 శాతానికి దించారు. అప్పుడు మా వీధి కొట్టాయన "పాత స్టాకమ్మా, అయిపోనివ్వండి" అన్నాడు. పెరిగినప్పుడు పాత స్టాకు ఎక్కడికి పోతుందో ఆ దేవుడికెరుక.

కోస్తా వాళ్లు ఆవకాయకి పప్పునూనె తప్ప వేరేది ముట్టరు. సీమలో వేరుశనగ నూనె, తెలంగాణలో పల్లి నూనెతో కలిపేవాళ్లూ ఉన్నారు, నువ్వుల నూనె పోసేవాళ్లూ ఉన్నారు. ఈ మధ్య కాలనీ కాలనీకీ గానుగలు వెలిశాయి. కళ్లముందే ఆడించి ఇస్తారు, వాసన వీధి చివరికి కొడుతుంది. ధర చూస్తే ప్యాకెట్ నూనె కంటే బాగా ఎక్కువ. ఏడాదంతా ఉండే జాడీకి పోస్తున్నాం కదా అని ఆవకాయ వరకు గానుగ నూనె, రోజువారీ పోపులకి మామూలుది, ఇదీ చాలా ఇళ్లలో కుదిరిన రాజీ. నాకు నచ్చింది.

కారం కథ వేరు. తెలివైన ఇల్లాలు ఆవకాయ కారం మే నెలలో కొనదు. కొత్త పంట దిగే ఫిబ్రవరి, మార్చిల్లోనే మిరపకాయలు కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లులో ఆడించి డబ్బాకెత్తుకుంటుంది. మే వచ్చేసరికి గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులు. అంత పెద్ద యార్డు, తేజా, 334, 341, బ్యాడిగి అంటూ పొద్దున్నే ఘాటుతో తుమ్ములు తెప్పించే చోటు, ఎండల దెబ్బకి మూసి ఉంటుంది. అప్పుడు బజారుకి వచ్చేదంతా కోల్డ్ స్టోరేజీల సరుకు. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటి అమ్మిన మిర్చి, 2025 మొదట్లో 11 వేల దగ్గరికి జారిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ఖరారు చేసింది. రైతుకి దాదాపు సగానికి సగం పడిపోయింది. కారం ప్యాకెట్ ధర సగం కావడం నేనైతే చూడలేదు. మిరపకాయలు కొని ఆడించుకున్నవాళ్లకి మాత్రం ఆ ఏడు కలిసొచ్చింది.

మామిడిలోనూ అంతే. 2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి రైతులు ట్రాక్టర్లలో కాయ వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరారు. కిలోకి 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలని, మరో 4 రూపాయలు ప్రభుత్వం కలుపుతుందని చెప్పారు. ఆ ఎనిమిదీ సరిగ్గా చేతికి రాలేదని రైతులు గోల పెట్టారు. కేంద్రం తర్వాత క్వింటాలుకి 1,490 రూపాయల చిల్లర లెక్కన ఒప్పుకుంది. ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే నగరంలో ఏసీ షాపు అలమరాలో మామిడిపండు రసం పెట్టె ఎంత ఉందో అంతే ఉంది. పండు ఫ్యాక్టరీ గేటు దాటితే దాని జాతకం మారిపోతుంది కాబోలు.

బియ్యం బస్తా వైపు వద్దాం. ఒకప్పుడు ఇరవై అయిదు కిలోల బస్తా అని తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు చాలా బస్తాల మీద 26 కిలోలు అని ఉంటుంది. ఒక కిలో కొసరు వేశారనుకుని సంబరపడేవాళ్లని చూశాను. అసలు సంగతి పన్ను. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్‌టీ పడుతోంది, అదీ 25 కిలోలూ అంతకి లోపూ ఉన్న బస్తాలకే. ఇరవై ఆరో కిలో వేస్తే పన్ను లేదు. మిల్లర్లు చట్టం ఎంత శ్రద్ధగా చదువుతారో చూడండి! ఈ విషయంలో మాత్రం నేను వాళ్ల పక్షమే. కొనేవాడికీ లాభమే కదా. ఇప్పుడు బస్తా ధరలు పోల్చుకునేటప్పుడు ఒకటి 25దా, ఇంకోటి 26దా అని చూసుకోకపోతే అసలు లెక్కే తప్పుతుంది.

బియ్యంలో ఇంకో కిటుకు. పాత బియ్యం కావాలని అందరం అడుగుతాం, ఏడాది దాటినదైతే అన్నం పొడిపొడిగా ఉంటుంది కాబట్టి. అంత పాత సరుకు అందరికీ ఎక్కడినుంచి వస్తుంది? అందుకే స్టీమ్ బియ్యం వచ్చింది. కొత్త వడ్లకే ఆవిరి పట్టించి మర ఆడిస్తారు, అన్నం పాత బియ్యం అన్నంలా విడివిడిగా అవుతుంది. తప్పేమీ కాదు, బస్తా మీద స్టీమ్ అని రాసి ఉంటే చాలు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇప్పటికీ చాలామందికి అన్నం అంటే అదే. 2015లో రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్ఎన్ఆర్ 15048, తెలంగాణ సోనా, ఇప్పుడు దాని పక్కన దర్జాగా కూర్చుంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం కూడా ఇస్తున్నారు. ఆ కార్డున్న ఇళ్లలో బస్తా కొనే పని బాగా తగ్గింది.

సోనా మసూరి మీద మనవాళ్ల మమకారం ఎంతటిదో 2023 జూలైలో అమెరికా చూసింది. ఆ నెల 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని మన ప్రభుత్వం ఆపేసింది. మర్నాటికల్లా అక్కడి ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్ల వరసలు. ఒకళ్లకి ఒక బస్తాయే అని బోర్డులు. ఇరవై పౌండ్ల సంచులు తలా అయిదు భుజానికెత్తుకుపోయిన వీడియోలు ఇక్కడ మనం చూసి నవ్వుకున్నాం. 2024 సెప్టెంబరు చివర ఆ ఆంక్ష ఎత్తేశారు. ఆ బియ్యం పురుగు పట్టకముందే తిని ముగించారో లేదో అక్కడివాళ్లే చెప్పాలి. ఈ వేసవిలో అటు వెళ్లేవి బియ్యం కాదులెండి, జాడీలు. పచ్చళ్లు పంపే కొరియర్ కొట్ల ముందు మే, జూన్‌లలో జాతరే. అక్కడ కిలోకి ఇంత అని తీసుకుంటారు. నూనె తేలాడే ఆవకాయలో నూనె బరువు తక్కువేమీ కాదు. అందుకని కొందరు అమ్మలు నూనె తగ్గించి కలిపి, "అక్కడ పోసుకోరా" అని ఫోన్లో చెబుతున్నారు.

మాంసం, చేపల దగ్గరికి వస్తే వేసవి తూకాలు ఇంకా తిరకాసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ విరామం. విశాఖలో, కాకినాడలో సముద్రం చేప దొరకడం కష్టం, దొరికినా ధర వినలేం. ఆ లోటు తీర్చేది కైకలూరు, భీమవరం వైపు చెరువుల బొచ్చెలు, శీలావతులు. నిషేధం ఇంకా ఎత్తకముందే మృగశిర కార్తె వస్తుంది, జూన్ 8కి అటూ ఇటూ. ఆ రోజు చేప తినాలని తెలంగాణలో పట్టుదల. హైదరాబాదులో రామ్‌నగర్, ముషీరాబాద్ మార్కెట్లలో తెల్లవారుజామునే కాలు పెట్టడానికి చోటుండదు. కొర్రమీను ఆ ఒక్క రోజు రాజు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం వరస ఎలాగూ ఉంటుంది. నా మాట వింటే కార్తెకి రెండు రోజుల ముందో, రెండు రోజుల తర్వాతో వండుకోండి. చేప అదే, కూర అదే.

చేప తూకంలో తల, పొలుసు, పొట్ట అన్నీ కలిసి ఉంటాయి. కిలో చేప శుభ్రం చేశాక ముప్పావు కిలోకి కాస్త అటూ ఇటూ. కోడి దగ్గరా అదే లెక్క. బోర్డు మీద మూడు ధరలు రాస్తారు. లైవ్ ఇంత, స్కిన్‌తో ఇంత, స్కిన్‌లెస్ ఇంత. లైవ్ ధర చూసి చవక అనిపిస్తుంది. ఈకలు, పేగులు, కాళ్లు పోయాక మిగిలిన మాంసానికి ఎంత పడిందో లెక్క వేస్తే స్కిన్‌లెస్ ధరకి దగ్గరికి వచ్చి చేరుతుంది. ఎండలకి ఫారాల్లో కోళ్లు చచ్చిపోతాయి, మేత తినవు, బరువు ఎక్కవు. వేసవిలో ధర పెరిగేది అందుకే. 2025 ఫిబ్రవరిలో తణుకు వైపు బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మాత్రం ధర ఎంత దించినా అడిగే నాథుడు లేడు. ఆ రోజుల్లో వేట మాంసం కొట్ల ముందు వరసలు చూడాలి.

ఎండలో ఊరు వెళ్లినప్పుడు నీళ్ల సీసా గొడవ ఒకటి. ఎంఆర్‌పీ 20 ఉన్నదానికి 25 అడిగి, "కూలింగ్ చార్జీ" అంటారు. అలాంటి చార్జీ చట్టంలో లేదు. ముద్రించిన ధర మీద ఒక్క పైసా ఎక్కువ తీసుకోకూడదు. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ శ్లాబులు మార్చినప్పుడు ప్యాకెట్ నీళ్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. రైల్ నీర్ లీటరు 15 నుంచి 14 రూపాయలయింది. ఆ రూపాయి చిల్లర ఎవరికైనా తిరిగొచ్చిందా అని స్టేషన్లో అడిగితే నవ్వుతారు.

ఆ సెప్టెంబరు మార్పులో సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్లు 18 నుంచి 5కి, నెయ్యి, వెన్న 12 నుంచి 5కి వచ్చాయి. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కే చిక్కొచ్చింది. పన్ను తగ్గితే నాలుగు రూపాయల చిల్లర పైసలు కావాలి. ఆ చిల్లర ఎవరిస్తారు? చివరికి చాలా ప్యాకెట్లు మళ్లీ అయిదుకే వచ్చి, లోపల గ్రాములు పెరిగాయి. ఇన్నేళ్లుగా ధర కదలకుండా బిస్కెట్ చిక్కిపోవడం చూసినవాళ్లం, ఒక్కసారి దానికి ఒళ్లు రావడం కూడా చూశాం. ఆ అక్టోబరులో దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతం అని లెక్క వచ్చింది. కూరగాయల ధరలు అంతకుముందు ఏడాది మండిపోయి ఉన్నాయి కాబట్టి వాటితో పోలిస్తే అంత తక్కువ కనిపించింది. పేపర్లో ఆ అంకె చదివి సంచీ పట్టుకుని వెళ్లినవాళ్లు సంచీ నిండకుండానే ఇంటికి వచ్చారు. మరి ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధర పెరిగే జోరు తగ్గినట్టు. ధర వెనక్కి నడిచినట్టు కాదు.

ఏసీలకీ ఆ సెప్టెంబరులోనే పన్ను 28 నుంచి 18 అయింది. నలభై వేల సరుకు మీద మూడు వేల పైన తగ్గాలి. ఈ వేసవిలో ఏసీ కొనేవాళ్లు నక్షత్రాల పక్కన సంవత్సరం కూడా చూసుకోండి. 2026 జనవరి నుంచి స్టార్ లెక్క కఠినం చేశారు. నిరుటి అయిదు నక్షత్రాలు ఇప్పటి నాలుగుతో సమానం. కొట్టు కుర్రాడు "ఫైవ్ స్టార్ సార్, ఆఫర్‌లో ఉంది" అంటే ఏ ఏడాది స్టిక్కరని అడగండి.

జూన్ 12న బడులు తెరుస్తారు. నోటు పుస్తకాల మీద జీఎస్‌టీ ఇప్పుడు సున్నా. సంతోషం. పుస్తకం వెనక అట్ట మీద పేజీల సంఖ్య మాత్రం తప్పకుండా చదవండి. "రెండొందల పేజీల బుక్" అని మనం అడుగుతాం, చేతికి వచ్చేది 172 పేజీలది. అరవై రూపాయల రెండొందల పేజీల పుస్తకంలో పేజీ ముప్పై పైసలు. యాభై అయిదు రూపాయల 172 పేజీల పుస్తకంలో పేజీ దాదాపు ముప్పైరెండు. నూనె ప్యాకెట్ చదువుకుని బడికి వెళ్లినట్టుంది! పిల్లలకి ఆ అట్టమీద బొమ్మ ముఖ్యం. మనం పేజీలు లెక్కపెడుతుంటే వాళ్లు కారు బొమ్మో, క్రికెటర్ బొమ్మో పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లిపోతారు.

కూరగాయలు ఫోన్‌లో తెప్పించుకునే అలవాటు నగరాల్లో ఎంత పాకిందంటే, మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పది నిమిషాలకో బండి ఆగుతుంది. చివర్లో బిల్లు చూస్తే హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న కార్ట్ చార్జీ, వాన పడితే వాన చార్జీ. తీరా డబ్బు కట్టేవేళ ఇలా ఒక్కొక్కటి బయటికి తీయడాన్నీ, మనం అడగని వస్తువు బుట్టలోకి తోసేయడాన్నీ, ఇంకా ఇలాంటివి కలిపి 13 రకాల మాయల్ని 2023 నవంబరులో కేంద్రం పేరుపేరునా నిషేధించింది. వాటిలో కొసరు లేకపోవడం ఒకటిగా చేర్చి ఉంటే బాగుండేది. కూరగాయలమ్మి దగ్గర వంద రూపాయల బేరం చేస్తే చివర్న నాలుగు పచ్చిమిరపకాయలు, రెబ్బ కరివేపాకు, కాస్త కొత్తిమీర ఆవిడే వేస్తుంది. వెయ్యకపోతే చెయ్యి చాచి "అమ్మా, కరివేపాకో" అంటాం. ఫోన్‌లో కరివేపాకుకి ఒక ధర, దానికో ఫోటో, దానికో రేటింగ్. 2024లో ముంబయిలో ఒక తల్లి కొత్తిమీరకి కూడా డబ్బులా అని ఆశ్చర్యపోతే, ఆమె కొడుకు ఆ సంగతి బయటపెట్టాడు. బ్లింకిట్ కొంత కూరగాయల కొనుగోలు మీద కొత్తిమీర ఉచితమని పెట్టింది. అమ్మల దెబ్బ అంటే అది.

1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లకి పాతికేళ్లు దాటాయి. బోర్డు మీద ధరలు రాసి పెట్టడం వాటి గొప్ప. పొద్దున ఏడింటికి వెళ్తే ఆ ధరకి మంచి సరుకు, పదింటికి వెళ్తే అదే ధరకి ఏరి వదిలేసినది, మధ్యాహ్నం దాటితే బోర్డు ధర కంటే తక్కువకే దొరుకుతుంది. ఎవరికి ఏ వేళ కుదురుతుందో వాళ్లకా బేరం. జూలైలో టమాటా జోలికి పోకుండా ఉండాలంటే ఇప్పుడే ఎండబెట్టి పెట్టుకోండి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్ దెబ్బకి కిలో రెండు వందలయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు కదా. చింతపండు ఈపాటికే కొనేసి ఉండాలి. హిందూపురం మార్కెట్లో కరిపులి రకం ఒక ధర, ఫ్లవర్ రకం మరో ధర. గింజ తీసినదీ తీయనిదీ కిలో కిలోకి పోల్చి చూస్తే గింజ తీసుకోవడానికి మన ఓపికకి బజారు ఎంత వెల కట్టిందో తెలుస్తుంది.

బంగారం గురించి రాయకపోతే వేసవి కబుర్లు పూర్తి కావు. 2025 ఏప్రిల్ 22న మేలిమి బంగారం పది గ్రాములు లక్ష దాటింది. వారం తిరగ్గానే అక్షయ తృతీయ. కొనేవాళ్లు ఆగలేదు, గ్రాములు తగ్గించుకున్నారు. తులం అంటే అసలు 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్టులో తులం అంటే పది. కోస్తాలో కాసు అంటే ఎనిమిది. పెళ్లిచూపుల్లో మాటలు ఏ లెక్కలో జరిగాయో తేల్చుకోకపోతే తర్వాత మనసులు నొచ్చుకుంటాయి. "తరుగు సున్నా" అని పెద్ద బోర్డు పెట్టినచోట మజూరి గీత కూడా చదవండి. హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాల గుర్తు లేని నగని 2023 ఏప్రిల్ నుంచి అమ్మకూడదు.

ఇక ఆషాఢం వస్తోంది. పెళ్లిళ్లుండవు, చీరలు మిగులుతాయి, కొట్లకి తగ్గింపులు తప్పవు. రెడీమేడ్ దుస్తులకి ఇప్పుడు 2,500 దాకా 5 శాతం పన్ను, దాటితే 18. అందుకే చుడీదార్ల అట్టల మీద 2,499 ఎక్కువ కనబడుతోంది. నాకు మాత్రం ఆషాఢంలో ఇష్టమైన దృశ్యం కిలోల లెక్కన చీరలమ్మే కౌంటర్. మామిడికాయల్లా చీరల్ని కాటా మీద పడేస్తారు. అనుభవమున్న ఆడవాళ్లు అక్కడ బరువైన చీరల జోలికి పోరు. జార్జెట్‌లూ షిఫాన్‌లూ ఏరి, చేత్తో తూచి చూసుకుని, కిలోకి వీలైనన్ని ఎక్కువ చీరలు వచ్చేలా చూస్తారు. నిరుడు మా వదిన అలా రెండు చీరలు ఏరి కాటా మీద పెట్టించింది. కుర్రాడు అంకె చదివి బిల్లు రాయబోతుంటే, "ఆగు బాబూ, లోపలి అట్టలూ కవర్లూ తీసి మళ్లీ వెయ్యి" అంది. వాడు ఆవిడ వంకా, వెనక వరసలో నిలబడ్డ పదిమంది వంకా చూసి అట్టలు లాగాడు. అరవై గ్రాములు తగ్గింది. వెనకున్న పదిమందీ అప్పటికే తమ చీరల్లోంచి అట్టలు తీసేస్తున్నారు.